మడతకు వచ్చిన జలపాతం

“వానలు తగ్గనీ చెల్లెమ్మా, నిన్ను మడతల గదికి మార్చేస్తాను. ఇది నా మాట.”

ఆ మాట అన్నది లాండ్రీ మేనేజరు. ఆవిరి గది గుమ్మంలో నిలబడి అన్నాడు. లోపలికి రాలేదు, వస్తే చొక్కా ఇస్త్రీ పోతుంది. ఆ తర్వాత వానలు తగ్గాయి. చలి వచ్చి పోయింది. ఎండలు ముదిరాయి. అక్క మాత్రం ఇంకా ఆవిరి గదిలోనే ఉంది.

ఊరి చివర రేకుల షెడ్డు ఆ లాండ్రీ. తెల్లారేసరికి హోటళ్ళ నుంచి లారీల్లో నలిగిన దుప్పట్లు దిగుతాయి, పొద్దుగూకేసరికి తెల్లగా చదునుగా తిరిగి వెళ్తాయి. ఎవరో తెలియని మనుషుల పక్కలు శుభ్రం చేయడానికి దేశం కాని దేశం రావాలా అని మొదట్లో అక్క నవ్వేది. ఇప్పుడు నవ్వితే దగ్గు వస్తోంది. ఆవిరి గదిలో మనిషికన్నా లావైన రోలరు గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఇటునుంచి తడి దుప్పటి అందిస్తే అటునుంచి కాగితంలా వస్తుంది. మధ్యలో లేచిన ఆవిరంతా అందించేవాళ్ళ ముఖానికే. తెలుపు కోసం కలిపే మందు ఘాటు కూడా అందులోనే ఉంటుంది.

మడతల గదికి కిటికీలున్నాయి. అక్క తమ్ముడు ఆ గదిలో పనిచేస్తాడు. అతన్ని అందరూ ‘మైకు’ అంటారు. ఎందుకంటే ఉప్పు అందించమని అడగడానికి కూడా సభలో మాట్లాడినట్టే మాట్లాడతాడు. అతని మంచం కింద బట్టల కన్నా పుస్తకాలెక్కువ. చదివిన వాక్యం వాడకుండా ఆగలేడు.

“అక్క బదులు నన్ను రోలరు దగ్గర వేయండి” అని మైకు ఎన్నోసార్లు అడిగాడు.

మేనేజరు ప్రతిసారీ అతని భుజం తట్టేవాడు. “మీ అక్క చేతిలో ఉన్న పనితనం నీకు రావాలంటే మళ్ళీ పుట్టాలి తమ్ముడూ. ఆ రోలరు ఆవిడకే లొంగింది. అది ఆవిడ గొప్పతనం!”

మెచ్చుకుంటూ మనిషిని ఉడకబెట్టడం ఎలాగో ఆయనకి తెలుసు. పైగా ఆయన మనవాడు. మన భాషవాడు. కంపెనీకి మనుషుల్ని తెచ్చిందీ, విమానాశ్రయానికి వచ్చి సామాను మోసిందీ ఆయనే. అందర్నీ వరసలు పెట్టి పిలుస్తాడు. చెల్లెమ్మా అన్న మనిషి మీద పైవాళ్ళకి ఫిర్యాదు ఎలా చేస్తాంరా అని అక్క అనేది. ఆ వరసే అసలు సంకెల అని మైకు అరిచేవాడు. పక్కగదివాళ్ళు గోడ కొట్టేవాళ్ళు.

జూన్ నెల సగంలో కంపెనీ డాక్టరు వచ్చి అందరి చేతా గొట్టం ఊదిస్తాడు. ఊదలేనివాళ్ళకి పర్మిట్ పొడిగించరు, తిరుగు టిక్కెట్ చేతిలో పెడతారు. అక్కకి తిరిగి వెళ్ళడానికి చోటు లేదు. ఉన్న ఒక్క ఇల్లూ మొగుడిది. ఆ మొగుడి చెయ్యి ఎంత దురుసుదో ఆమె ఎడమ చెవికి తెలుసు. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. ఇక్కడైతే ఇరుకు గదైనా లోపలినుంచి గడియ పెట్టుకుని పడుకోగలుగుతోంది. ఆ గడియ నిలవాలంటే ఊపిరి నిలవాలి, ఊపిరి నిలవాలంటే ఆవిరి గది వదలాలి. ఇంత తేలికైన లెక్క మేనేజరుకి ఎందుకు ఎక్కదో మైకుకి అర్థమయ్యేది కాదు.

ఎండలు ముదిరాక మేనేజరు భోజనాల గదిలో ఓ కాగితం అంటించాడు. ఆదివారం అందరికీ జలపాత విహారం. బస్సు కంపెనీదే.

“విహారమట!” మైకు కంచం పక్కకి నెట్టాడు. “వారమంతా ఊపిరి లాక్కుని, ఆదివారం గాలి దానం చేస్తారా? దయ అనేది దోపిడీకి వేసిన పౌడరు!”

“భలే ఉందిరా. ఏ పుస్తకంలోది?” అన్నాడు మరకల బాబాయి. దుప్పట్ల మీది మరకలు వదలగొట్టే పని ఆయనది. కూర మరకా లిప్‌స్టిక్ మరకా వాసనతోనే చెప్పేస్తాడు కాబట్టి ఆ పేరు.

“బాబాయ్, ఇది ఎగతాళి విషయం కాదు.”

“నేనెక్కడ ఎగతాళి చేశాను? రాసుకుందామని అడిగాను.”

అక్క దగ్గు ఆపుకుని అంది, “గాలి ఊరికే ఇస్తామంటే వద్దంటావేంట్రా? పద, పోదాం.”

మైకు ఒప్పుకున్నాడు. గాలి కోసం కాదు. లాండ్రీలో మేనేజరు ఏ మాటకైనా ఓ తలుపు తీసుకుని అవతలికి వెళ్ళిపోతాడు. కదిలే బస్సుకి ఆ సౌకర్యం లేదు.

ఆదివారం పొద్దున్నే మైకు వెళ్ళి సరిగ్గా మేనేజరు పక్క సీట్లో కూర్చున్నాడు.

“సార్, అక్క సంగతి…”

“సార్ ఏంటయ్యా, అన్నా అను. ముందు జలపాతం చేరనీ. చల్లగా కూర్చుని అన్నీ మాట్లాడుకుందాం.”

“ఇప్పుడే మాట్లాడొచ్చుగా?”

“మంచి రోజు పూట పని గోలెందుకు తమ్ముడూ? చేరనీ.” అని టోపీ ముఖం మీదికి లాక్కుని నిద్రపోయాడు. నిద్ర కూడా తలుపులాంటిదేనని మైకుకి తట్టలేదు.

మొదటి చోట బస్సు దిగేసరికి అక్కడ నల్లటి కొండరాయీ, దానిమీద తడి చారా మాత్రమే ఉన్నాయి. గేటు దగ్గర కొక్కేనికి ‘లేదు’ అన్న పలక వేలాడుతోంది. కాపలావాడు తూర్పుకి చెయ్యి చూపించాడు. జలపాతం శుక్రవారమే లేచి అటు వెళ్ళిందట.

డ్రైవరు సీసాలో నీళ్ళు తాగి బస్సు వెనక్కి తిప్పాడు. ఆ దేశంలో జలపాతం ఒకచోట ఉండదు. బస్సు వేళలు మారినప్పుడు విసుక్కున్నట్టే జనం విసుక్కుంటారు, తర్వాత ఎటు వెళ్ళిందో కనుక్కుని అటే పోతారు. మనవాళ్ళకీ వచ్చిన కొత్తలోనే అలవాటైపోయింది.

“బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోవాలిగా మేనేజరు గారూ?” అన్నాడు బాబాయి.

“కనుక్కున్నాను. దగ్గర్లోనే ఉంటుందిలే.”

వానలు తగ్గనీ అన్న గొంతు అదే. మైకు పళ్ళు నూరాడు.

రెండో చోటికి బస్సు దారి లేదు, కాలిబాటే. వాగు మీద తాళ్ళ వంతెన, అడుగు వేస్తే పక్కకి ఊగిపోతుంది. ఆడవాళ్ళు నవ్వుతూ కేకలు పెట్టారు, మగవాళ్ళు కేకలు రాకుండా పళ్ళు బిగించారు. బాబాయి చెప్పు ఒకటి వాగులో పడి పడవలా సాగిపోయింది. “పో తల్లీ, నువ్వైనా ఊరు చేరు” అని దానికి దండం పెట్టాడు. వంతెన దాటాక నిట్టనిలువు ఎక్కుడు. వేళ్ళు పట్టుకుని, రాళ్ళకి పొట్ట ఆనించి పాకాలి. ఎక్కడో పైన హోరు వినపడుతోంది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ మేనేజరు అందరికన్నా ముందు నడిచాడు.

అందరూ పైకి చేరేసరికి హోరు ఆగిపోయింది. గుంటలో నీళ్ళు ఇంకా సుడి తిరుగుతున్నాయి. రాళ్ళు ఇంకా కారుతున్నాయి. జలపాతం అప్పుడే వెళ్ళిపోయింది.

మైకు వెనక్కి చూశాడు. అక్క రాలేదు.

సగం దారిలో ఒక రాతి మీద కూర్చుని ఉంది. పెదవులు నీలంగా మారాయి. గొంతులో గాలి, చిరిగిన సంచిలోంచి పోతున్నట్టు శబ్దం చేస్తోంది. మాట్లాడబోయి, రాక, చేత్తో ఏమీ లేదులే అన్నట్టు ఊపింది. ఆ ఊపు చూసి మైకుకి ఏడుపొచ్చింది, ఏడుపు వచ్చినందుకు ఒళ్ళు మండింది. ఆమెని వీపు మీద ఎక్కించుకుని వంతెన మీదుగా దించాడు. అక్క ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. తడి దుప్పట్ల మూట అంతకన్నా బరువుంటుంది.

బస్సు దగ్గర అతను మేనేజరు దారికి అడ్డం నిలబడ్డాడు.

“ఇప్పుడు చెప్పండి. మడతల గదికి మారుస్తానన్నారు. అక్కడ ఖాళీ ఉందా లేదా?”

“ఉండేది తమ్ముడూ…”

“ఉండేదంటే?”

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వచ్చిన బాబాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “అదేంటి, నీకు తెలీదా? ఆ ఖాళీలోకి సార్‌గారి బావమరిది వస్తున్నాడుగా. బుధవారం దిగుతాడట. నా గదిలోనే మంచం వేయమన్నారు” అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

 డ్రైవరు టైరు తన్ని చూశాడు.

“అర్థం చేసుకో చెల్లెమ్మా” మేనేజరు అక్క వైపు తిరిగాడు. “ఇంట్లో పోరు పడలేకపోతున్నాను. వచ్చే చలికాలం కల్లా నీ సంగతి తప్పకుండా చూస్తాను.”

అక్క బస్సు కిటికీ ఊచ పట్టుకుని, ఒక్కో మాటకీ గాలి కూడబెట్టుకుంటూ అంది, “అర్థమైంది, మేనేజరు గారూ.”

ఆమె నోట ఎప్పుడూ అన్నయ్యగారే. ఆయన ముఖం వాడిపోయింది. సీట్లో కూర్చున్నాక కూడా ఎవరో చెయ్యి వదిలేసినట్టు తన అరచేతిని చూసుకున్నాడు. మైకు గుండెలో మాత్రం నినాదాలు మరుగుతున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. వీపు మీద అక్క బరువు ఇంకా ఉంది, దాని ముందు చదివినవేవీ నిలబడలేదు.

తిరుగు దారిలో, ఎవరూ వెతకనప్పుడు, జలపాతం కనపడింది. పెట్రోలు బంకు దాటాక ఓ టీ దుకాణం వెనక, లారీలు ఆపే ఖాళీ జాగాలో ఉంది. ఆకాశంలో ఎక్కడినుంచో దిగి కంకర మీద పడుతోంది. పైన ఏ నది ఉందో ఎవరూ అడగలేదు, అది దాని సొంత వ్యవహారం. తిరిగి తిరిగి అలిసిపోయినట్టుంది. ఒక అంచు కిందికి జారింది, ఒక అంచు పైకి ముడుచుకుంది.

అందరూ ఫోన్లు తీసుకుని పరిగెత్తారు. మేనేజరు కూడా వెళ్ళి ఓ పక్కన నిలబడి నవ్వు ముఖం పెట్టాడు. చివర్న మైకు చెయ్యి పట్టుకుని అక్క దిగింది. తుంపర ముఖానికి తగిలింది. ఆమె ఆగింది. కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. గాలి గొంతు దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి వెళ్ళింది. ఇంకోసారి పీల్చింది. నీలం పెదవుల్లోకి రంగు వస్తుంటే మైకు రెప్ప వేయకుండా చూశాడు.

కళ్ళు తెరిచాక అక్క చేసిన మొదటి పని, జలపాతాన్ని చూసి నొసలు చిట్లించడం.

“అంచు చూడు, ఎలా వంకరపోయిందో. నలిగిపోయింది పాపం. పట్టుకోరా అటువైపు.”

లాండ్రీలో పనిచేసేవాళ్ళ చేతులు అంతే. తెల్లగా, వెడల్పుగా వేలాడేదేదైనా కనపడితే కొసలు వెతుకుతాయి. మైకు ఆలోచించకుండానే ఆ కొస పట్టుకున్నాడు. అక్క ఈ కొస పట్టుకుంది. ఒకసారి గట్టిగా దులిపారు. ముడతలు అలలా పైదాకా పాకి సర్దుకున్నాయి. వెనక్కి నడిచి బిగలాగారు, ఎదురు నడిచి కొసకి కొస కలిపారు. అక్క మధ్యన పట్టుకుంది, అతను కింది నుంచి అందుకున్నాడు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఎదురు. హోరు మెల్లిగా తగ్గుతూ, నీళ్ళ కుండ మీద మూత పెట్టినట్టు ఆగిపోయింది. అక్క చేతుల్లో దిండంత చల్లటి మడత మిగిలింది.

“ఇంకా నా ఫోటో తీయలేదు!” అన్నాడు మేనేజరు.

టీ దుకాణం ముసలావిడ గ్లాసులు కడుగుతూ చూస్తోంది. ఆవిడ అన్నది డ్రైవరు తనకొచ్చిన భాషలో చెప్పాడు. పోయినేడు ఎవరో దీన్ని చాపలా చుట్టబెట్టి తీసుకుపోయారట, మూడు రోజులు జ్వరం వచ్చినట్టు వణికిందట. మీరు సరిగ్గా మడిచారు, కావాలంటే కొన్నాళ్ళు ఉంచుకోండి, కానీ తిరిగి తెచ్చివ్వండి, అది అందరిదీ అందట.

“అందరిదీ!” అన్నాడు మైకు. ఆ ఒక్క మాట ఏ పుస్తకంలోదీ కాకుండా వినడం అతనికి అదే మొదటిసారి.

అక్క మడతని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. “సీటు తడవకుండా చూడండి” అని మాత్రం అన్నాడు మేనేజరు.

సోమవారం పొద్దున్న ఆవిరి గదిలో, తడి దుప్పట్లు ఆరవేసే కమ్మీ మీద అక్క ఆ మడతని విప్పి వేసింది. జలపాతం కమ్మీ నుంచి నేల కాలవలోకి, పడుకున్న పిల్లాడి ఊపిరిలా నెమ్మదిగా జారింది. ఆవిరి తగ్గింది. మందు ఘాటు కొట్టుకుపోయింది. రోలరు చల్లబడి, బుస్సుమని, ఆగింది. అక్క స్టూలు లాక్కుని కూర్చుని, పొట్ట నిండా గాలి పీల్చి వదిలింది. అటువైపు నుంచి దుప్పట్లు రాకపోయేసరికి మడతల గదివాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి గాలి పీల్చి చూశారు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

“రోలరెందుకు ఆగింది? హోటళ్ళవాళ్ళు నా పీక పట్టుకుంటారు! ఈ దుప్పటి ఏ హోటలుది?”

బాబాయి దగ్గరగా వెళ్ళి అంచు తిప్పి చూశాడు. “దీనిమీద ఏ హోటలు గుర్తూ లేదండీ.”

“గుర్తు లేకుండా ఎలా ఉంటుంది? తీసేయండి!”

“గుర్తు లేని గుడ్డ గేటు దాటితే ఉద్యోగం ఊడుతుందని రాసి అంటించింది మీరేగా. ఎటు పంపమంటారు?”

“వంకర మాటలు మాట్లాడకు. ముందు మడత పెట్టండి!” మేనేజరు తనే వెళ్ళి ఓ అంచు పట్టుకున్నాడు. అది వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. చొక్కా చేతులు మోచేతులదాకా తడిసిపోయాయి. ఎవరైనా అవతలి కొస పట్టుకుంటారేమోనని చుట్టూ చూశాడు. “తమ్ముడూ, నువ్వు పట్టు. బాబాయ్! చెల్లీ, నువ్వైనా…”

మడతలు పెట్టే చేతులన్నీ వీపుల వెనక ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పిలుపు ఇవ్వలేదు. బాబాయి కూడా మరకల చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

మైకు రాత్రంతా ఓ ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. దాంట్లో చరిత్ర ఉంది, శ్రమ ఉంది, తెల్లదనం వెనక నల్లటి ఊపిరితిత్తులున్నాయి. గొంతు సవరించుకుని ఒకడుగు ముందుకేశాడు. అందరూ సర్దుకుని నిలబడ్డారు, మైకు మొదలెడితే ఎంతసేపు పడుతుందో వాళ్ళకి తెలుసు.

అక్క చెయ్యెత్తింది. “ఉండరా.” స్టూలు మీంచి లేచింది. ఇప్పుడు ఒక్కో మాటకీ ఆగనక్కర్లేకపోయింది. “మేనేజరు గారూ, నన్ను కిటికీల గదిలో వేయండి. ఈ గదికి కిటికీలు పెట్టించండి. అప్పటిదాకా ఇక్కడ ఎవరూ రోజంతా నిలబడరు, వంతులేసుకుంటాం. మీ బావమరిది వస్తే అతనికీ ఓ వంతు. ఇవన్నీ మీ నోటితో కాదు, పైవాళ్ళ సంతకంతో కావాలి. అవి వచ్చిన రోజున దీన్ని నేనూ నా తమ్ముడూ మడిచి, ఆ టీ దుకాణం దగ్గర అప్పజెప్పి వస్తాం.”

“చూద్దాం” అన్నాడు మేనేజరు అలవాటుగా. “పైవాళ్ళతో మాట్లాడాలి. కాస్త సద్దుమణగనీ…”

“ఎప్పుడు?” అన్నాడు మైకు.

“చెప్తానుగా తమ్ముడూ, త్వరలోనే…”

గది చల్లగా ఉంది. నీళ్ళు కాలవలోకి జారుతున్నాయి. మైకు తన ఉపన్యాసం మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా మనసులో వెతుక్కున్నాడు. అంతటి ఉపన్యాసంలో ఎక్కడా ఒక తేదీ లేదు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, డాక్టరు వచ్చే వారానికి ముందు ఓ గడి మీద వేలు పెట్టాడు. తన జీవితంలో అతను అంత మెల్లిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

“జూన్ పదో తారీఖు. ఆ సాయంత్రం లోపల జవాబు కావాలి.”